నిచ్చెన టేపు

నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ఖాళీగా కూర్చుని ఫోన్ తిప్పుతుంటే, ఒకచోట ఎవరో ఆ పాత ఇంగ్లండ్ బ్యాండ్ ఆల్బమ్‌లన్నిటికీ వరసగా ర్యాంకులు కట్టి పెట్టారు. మొదటి స్థానంలో ఏది ఉంటుందో చూడకుండానే నాకు తెలుసు. కిందికి జరుపుతూ పోయాను. అట్ట మీద నిచ్చెన బొమ్మ ఉన్న ఆల్బమ్ అట్టడుగున ఉంది. మరీ వీరాభిమానులైతే తప్ప వినక్కర్లేదని దాని పక్కన రాశారు. నాకు పట్టరానంత నవ్వొచ్చింది. సాయంత్రం ఇంటికి పోగానే మెట్ల కింద షట్టర్ తట్టి, మైకు కాక ముఖం ముందు ఫోన్ పెట్టి, "చూసినవా, నీ నిచ్చెనకు ఏ గతి పట్టిందో" అనాలనుకున్నాను. బెల్లు కొట్టేదాకా అదే ఆలోచన. చాక్‌పీసు తీసుకుని క్లాసుకు నడుస్తుండగా గుర్తొచ్చింది, కాక చనిపోయి ఏళ్లు దాటాయని. ఆ పీరియడ్‌లో పాఠం చెప్పలేకపోయాను. పిల్లల్ని చదువుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను.

కాక అంటే చిన్నాన్న అయినా, ఆయన నాకు చుట్టమేమీ కాదు. నార్కట్‌పల్లిలో నేను కిరాయికుండే ఇంటి యజమాని. తెలంగాణ వచ్చిన ఏడాది ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం దొరికితే, పాలమూరు నుంచి ఒక ట్రంకు పెట్టె, గ్యాస్ పొయ్యి పట్టుకుని వచ్చి ఆయన మేడ మీది గదిలో దిగాను. కింద షట్టర్‌లో ఆయన మైకు సెట్ దుకాణం. ఊరంతా మైకు కాక అనేది, నేనూ అదే అందుకున్నాను. అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా ఊళ్లో సగం మందికి అదెవరిదో తెలియదు.

పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్. మనం మాట్లాడుతుంటే మన ముఖం చూడడు, చెవి ఇటు తిప్పి నేల చూస్తాడు. కొత్తవాళ్లు లెక్కచేయడం లేదనుకుని నొచ్చుకునేవారు. పాట పెట్టాడంటే స్పీకర్ బాక్సు ముందు కూర్చోడు. వెనక్కి పోయి, రెండు అరచేతులూ చెక్కకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడతాడు. ఎందుకని అడిగితే, "ముంగట ఇనేది ఊరోళ్లు. ఎనుక ఇనేది మైకోడు" అన్నాడు. నేనూ ఒకసారి అలా ఆనించి చూశాను. చేతులు జివ్వుమన్నాయి తప్ప నాకేమీ తెలియలేదు.

మైకు పరీక్షించేటప్పుడు లోకమంతా హలో హలో అంటుంది. కాక అలా అనడు. ఒకసారి గొంతు సవరించుకుని, పంతులు పద్యం చెప్పినంత శ్రద్ధగా, "ఇనవడ్తుందా? ఇనవడకపోతే చెప్పుండ్రి" అంటాడు. పెళ్లయినా, చర్చిలో క్రిస్మస్ అయినా, చావైనా అదే మాట. ఇంగ్లీషు టీచరు బుద్ధి ఊరుకోదు కదా, ఓరోజు నిలదీశాను.

"కాకా, ఇనవడనోళ్లు ఎట్ల చెప్తరు? నువ్వు అడిగిన సంగతే వాళ్లకు తెల్వది గద."

"చెప్పరు" అన్నాడు. "ఎవ్వరు ఏం చెప్పకపోతే అందరికి ఇనవడ్డట్టే లెక్క. గింత సదువుకున్నవు, గిది తెల్వదా?"



మా స్నేహం మొదలైంది తగవుతో. నేను దిగిన మొదటి ఆదివారం, కాక వాళ్లు చర్చి నుంచి తిరిగొచ్చాక, కింది నుంచి ఆ ఇంగ్లండ్ బ్యాండ్ గిటారు మోత లేచింది. చేతిలో బియ్యం చేట అలాగే పట్టుకుని మెట్లు దిగాను. హైదరాబాద్ హాస్టల్‌లో చదువుకున్న రోజుల్లో నా పక్క మంచం అమ్మాయి ఆ బ్యాండును నాకు అంటించింది. పోయిన తరం నాటి బ్యాండ్. ఒక్కో పాట సీసా అడుగు నుంచి ఉబికి వచ్చినట్టు నెమ్మదిగా వస్తుంది, ఎటో పోతుంది, ఎప్పటికో తిరిగొస్తుంది. ఆ పాటను నార్కట్‌పల్లిలో, కీర్తనలకూ బతుకమ్మ పాటలకూ కట్టే పాత గరాటు హారన్‌లో వింటానని కల్లో కూడా అనుకోలేదు.

"నీకు గీ పాట ఎర్కనా?" అన్నాడు కాక. ఆ ముఖంలో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ. ఇన్నేళ్లూ ఆ పాటలు తన ఒక్కడివే అనుకున్నాడు మరి.

ఆ టేపులు ఆయనకు దొరికిన తీరు కూడా విచిత్రమే. పడుచు వయసులో ఆంప్లిఫయర్ సామాను కోసం కోఠికి పోతే, అడిగిన పార్టు లేదని దుకాణం సేటు ఓ పాత క్యాసెట్ల సంచి చేతిలో పెట్టాడట. చెరిపేసి వాటి మీద చర్చి పాటలు నింపుకుందామని తెచ్చుకున్నాడు. ఒకటి చెరిపాడు కూడా. రెండోదానికి ముందు టేపు బాగుందో లేదో చూద్దామని కాసేపు పెట్టాడు. "ఇగ నా చెయ్యి రాలేదు టీచరమ్మా. దేవుని పాటల కోసమైనా సరే, చెరపబుద్ధి గాలేదు." ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకని ఆల్బమ్‌లకు అట్ట మీది బొమ్మను బట్టి పేర్లు పెట్టుకున్నాడు. గొడుగుల టేపు, ఎర్ర గుర్రం, మూసిన కండ్ల పిల్ల, నిచ్చెన టేపు. కొన్నాళ్లకు నేనూ ఆ పేర్లతోనే మాట్లాడటం మొదలుపెట్టాను. అసలు పేర్లు ఇప్పుడు కాస్త ఆలోచిస్తే గానీ గుర్తు రావు.

వీటిలో ఏది గొప్పది? మా తగవంతా దాని మీదే. లోకం మొత్తం ఎర్ర గుర్రమే అంటుంది, నేనూ అంతే. అందులో ఒక్క పాట వృథా పోదు. కాక మాత్రం నిచ్చెన టేపు అనేవాడు. అది వాళ్లు ఆఖర్లో, ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లో చేసింది. ఒక వైపంతా ఒకటే పాట. నడుమకొచ్చేసరికి వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. గాలి వీచినట్టు సన్నటి చప్పుడు మాత్రం చాలాసేపు ఉంటుంది. తర్వాత డ్రమ్ములు మళ్లీ మెల్లగా లేస్తాయి.

"అతకని రెండు పాటలకు నడుమ గాలి పెట్టి అతికిచ్చిండ్రు కాకా. అందరు అదే అంటరు" అన్నాను.

"వైరు తెగినకాడ నేను గూడ గదే చేస్త" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "గది గాలి గాదు బిడ్డా. గది దింపుడు కల్లం" అన్నాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. శవాన్ని మోసుకుపోతూ దారి మధ్యలో ఒకచోట పాడె కిందికి దింపుతారు. పోయినవాళ్లను చెవి దగ్గర వరసపెట్టి పిలుస్తారు, ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతారేమోనని. దింపుడు కల్లం ఆశ అని మనం ఊరికే అంటుంటాం గదా, అది. కాక వాళ్లు రెండు తరాలుగా క్రైస్తవులు. అయినా వాళ్ల వాడలో ఇప్పటికీ దింపుతారు. పాస్టరుగారు వద్దన్నా వినరు. "దేవుడు మారిండు గని బొందలగడ్డకు తొవ్వ మారలేదు గద" అనేవాడు కాక, శ్మశానం దారి చూపిస్తూ.

ఇంతకీ ఆయనకు ఆ నమ్మకం కలిగించింది అట్ట మీది బొమ్మ. గడ్డిలో పడుకోబెట్టిన ఒక నిచ్చెన, చుట్టూ ఎవరూ లేరు. నిచ్చెన అంటే ఒప్పుకోడు. "నిలవెడితే నిచ్చెన, పండవెడితే పాడె. ఇంగ్లండుల గూడ పీనుగను నడుమల దింపుతరు గావచ్చు. లేకుంటే సప్పుడు గంతసేపు ఎందుకు ఆగుతది?" ఇంగ్లండులో పెట్టెలో పెట్టి మోస్తారని చెప్పాను. పాటలో మాటలకు అర్థం కూడా చెప్పాను. ఎవడో ఇల్లు మరిచిపోయి వీధులన్నీ తిరగడం, అంతే. "మరి గదే గద" అన్నాడు. ఆ రోజు నాకు నిజంగా కోపమొచ్చి, పైకి పోయి కావాలని ఎర్ర గుర్రం పెద్ద శబ్దంతో పెట్టుకున్నాను. కింది నుంచి చిన్నమ్మ, అంటే కాక భార్య, "మొగుడూ పెండ్లాలు గూడ గిట్ల కొట్లాడరే" అని అరిచింది.

నవ్వుతాలు అనుకున్నది కాస్తా రానురాను ఆయన పంతమైంది. చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని చావులకు మైకు కట్టాడో ఆయనకే లెక్కలేదు. శవం లేచాక పాట ఆగితే ఆయనకు ప్రాణం పోయినంత పని. మైకు కట్టిన ఆటోలో కూర్చున్నవాడు టేపు మార్చడానికి తడుముకుంటుంటే, మోసేవాళ్లు చెప్పుల చప్పుడు వింటూ నడుస్తుంటే, పోయిన మనిషిని దారిలో ఒంటరిగా వదిలేసినట్టే అనిపిస్తుందనేవాడు. అందుకని తన చావుకు నిచ్చెన టేపే పెట్టాలని తీర్మానించాడు. ఇంటి దగ్గర లేచేటప్పుడు మొదలుపెడితే, హైవే కింది దారి దాటి కల్వర్టు దగ్గర దింపేసరికి నడుమ నిశ్శబ్దం రావాలి. మళ్లీ లేపేసరికి డ్రమ్ములు లేవాలి. బొందలగడ్డ గేటు దగ్గర పాట అయిపోవాలి. "గిన్నిట్ల తొవ్వకు సరిపోయేది గదొక్కటే. ఇగ చెప్పు, ఏది గొప్పది?"

పాస్టరుగారు మంచివారు. ఇంటి దగ్గర కీర్తనలు, బొంద దగ్గర ప్రార్థన తనవనీ, నడుమ దారి కాక ఇష్టమనీ ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది కొడుకే. నా కంటే చిన్నవాడు, నేను తమ్ముడూ అంటాను. అప్పటికే వ్యాను మీద లైట్ల డీజే బాక్సులు కట్టి తిరుగుతున్నాడు. "నలుగుట్ల నవ్వులపాలు చేస్తవా బాపూ? జనం దప్పులు అడుగుతరు, లేకుంటే డీజే అడుగుతరు. గీ ముసలోళ్ల ఏడుపు ఎవరింటరు?" అన్నాడు. "సచ్చేది నేను, ఇనేది నేను" అన్నాడు కాక. ఆ తర్వాత తండ్రీకొడుకులు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు.

ఒక ఎండాకాలం పొద్దున లెక్క సరిచూద్దామని బయలుదేరాడు. భుజాన టేప్‌రికార్డర్ వేలాడేసుకుని తాను ముందు, పక్కన నేను. వెనక తమ్ముడి నెత్తిన పాత ఆంప్లిఫయర్ పెట్టె. మాటల్లేకపోయినా తండ్రి పిలిస్తే రాకుండా ఉండలేకపోయాడు. "వట్టి చేతులతోని నడిస్తే లెక్క తప్పుతది. బరువుండాలె. పీనుగను మోసేటోనికి కాళ్లు ముంగటికి పోవు" అన్నాడు కాక. దారిలో హోటల్ ముందు కూర్చున్నవాళ్లు మమ్మల్ని చూసి, "ఎవరు పోయిండ్రు కాకా?" అని అడిగారు. "నేనే" అని ముందుకు నడిచాడు. తమ్ముడు నవ్వాపుకోలేక పెట్టె జారవిడవబోయాడు. కల్వర్టు దగ్గరికి వచ్చాం, పాట ఆగింది, గాలి మొదలైంది. కాక కల్వర్టు గోడ మీద కూర్చుని నా వైపు చూశాడు. ఆ చూపు చూసి ఓడిపోయానని చెప్పేయాలనిపించింది. మా ఇంట్లో ఆడవాళ్లు శవం వెంట వీధి చివరి దాకే వెళ్తారు, దింపుడు కల్లం నేనెప్పుడూ చూసి ఎరగనని మాత్రం చెప్పాను. "నా దింపుడు కల్లానికి రావాలె నువ్వు" అన్నాడు. వస్తానన్నాను.

ఆయన చెరిపేసిన ఆ మొదటి టేపు సంగతి కూడా చెప్పాలి. "గదే అన్నిట్ల మంచిదేమో. ఇనకుంట చెరిపిన" అని ఎప్పుడూ బాధపడేవాడు. అందరి ఫోన్లలోకీ చౌకగా ఇంటర్నెట్ వచ్చాక, అట్ట బొమ్మ గురించి ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని వెతికి దాన్ని పట్టుకొచ్చాను. బాక్సుకు కలిపి పెట్టాను. చేతులు ఆనించి మొత్తం విన్నాడు. అయిపోయాక చిన్నమ్మను పిలిచి, "టీ వెట్టు. పాపం దిగింది. గది మంచిది గాదు" అన్నాడు. అది నిజం కాదు, అది చాలా మంచిది. ఇన్నేళ్ల బాధ అలా దింపుకున్నాడు.

తర్వాత కరోనా వచ్చింది. మొదటిసారి తప్పించుకున్నాం. రెండోసారి వచ్చినప్పుడు కాకకు దగ్గు పట్టుకుంది. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఒకరోజు ఫోన్ చేశాడు. మాటకు మాటకు నడుమ ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"టీచరమ్మా, ఈడ ఒక మిషిన్ మోగుతాంది. అచ్చం ఎర్ర గుర్రం మొదటి పాట లెక్కనే ఉన్నది. రెండు దినాల సంది ఇంటున్న. నువ్వన్నదే నిజమేమో. గదే గొప్పదేమో."

"లేదు కాకా. నిచ్చెనే గొప్పది. నేనే ఊకె మొండికేసిన" అన్నాను.

ఊపిరి కూడదీసుకుని కోపంగా అన్నాడు. "నన్ను ఖుష్ చేసెతందుకు ఒప్పుకోకు. నేను ఇంక సావలే. కొట్లాడు."

కొట్లాడాను. ఏడుస్తూనే ఎర్ర గుర్రంలో ఏ పాట తర్వాత ఏది వస్తుందో, ఎందుకు దాన్ని మించింది లేదో ఒక్కొక్కటీ చెప్పాను. "ఊఁ" అంటూ విన్నాడు. "సరే, ఇంటికచ్చినంక చెప్త నీ సంగతి" అని పెట్టేశాడు.

రాలేదు. దవాఖాన నుంచి బండి నేరుగా బొందలగడ్డకు వచ్చింది. ప్లాస్టిక్ బట్టల్లో ఉన్న మనుషులు దించారు, పూడ్చారు, వెళ్లిపోయారు. ఆ రోజుల్లో అంతటా అంతే జరిగింది, ఎవరినీ తప్పుపట్టే పని లేదు. తమ్ముడిని దూరంగా నిలబడమన్నారు. పాడె లేదు, మోసినవాళ్లు లేరు, బండి కల్వర్టు దగ్గర ఆగలేదు. ఊళ్లో అందరి చావులకూ మైకు కట్టిన మనిషి చప్పుడు లేకుండా పోయాడు. చిన్నమ్మ షట్టర్ ముందు కూర్చుని, "గింత పాటన్న పెట్టకపోతిమే" అని ఒకే మాట పట్టుకుని ఏడ్చింది. నాకు ఇప్పటికీ పూడనిది అదే. మనిషి పోవడం ఒక దుఃఖం. అంత సిద్ధం చేసుకున్న దారి ఆయనకు దక్కకపోవడం ఇంకో దుఃఖం.

ఆ ఏడు సమాధుల పండుగ వచ్చింది. ఆ రోజు క్రైస్తవులంతా బొందలకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ముందు రోజు తమ్ముడు మెట్లెక్కి నా గది ముందు నిలబడ్డాడు. "అక్కా, బాపు నిచ్చెన టేపు ఎట్ల పెట్టాల్నో చెప్పు. మొదటి వైపా, రెండో వైపా?" అన్నాడు. మొదటి వైపు అని చెప్పాను.

నిన్న ఆ ర్యాంకులు కట్టినవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు కుర్చీలో కూర్చుని విని ఉంటారు. కుర్చీలో కూర్చుని వింటే నేనూ ఇప్పటికీ ఎర్ర గుర్రమే అంటాను.

పండుగ నాడు తమ్ముడు డీజే బాక్సులు తీయలేదు. ఆటో మీద తండ్రి పాత హారన్ కట్టాడు. ఇంటి ముందు టేపు మొదలైంది. చిన్నమ్మ పూల గంపతో, నేను సున్నం బకెట్‌తో, వాడలోని వాళ్లు కొందరు వెనకా ముందూ నడిచాం. ఎవరూ నవ్వలేదు. హోటల్ ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. హైవే కింది దారి దాటాం. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి డ్రమ్ములు ఇంకా గట్టిగా మోగుతూనే ఉన్నాయి. తమ్ముడు ఆటో ఆపించాడు.

"ఏందిరా, ఆగినం?" అంది చిన్నమ్మ.

"బరువు లేదు గదనే అమ్మా. జల్ది వచ్చినం."

అక్కడే నిలబడ్డాం. పాట తన దారిన తాను సాగి సాగి, చివరికి ఒక్కో వాయిద్యమే ఆగుతూ వచ్చింది. గాలి చప్పుడు మొదలైంది. అరిగిన టేపు గరగర అందులో కలిసిపోయింది. తమ్ముడు ఆటోలోంచి మైకు తీశాడు. "బాపూ" అన్నాడు. ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"ఇనవడ్తుందా? ఇనవడకపోతే చెప్పు."

హారన్ ఆ మాటను చేల మీదికి విసిరింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేమంతా బొందలగడ్డ వైపు చెవులు పెట్టి, డ్రమ్ములు మళ్లీ లేచేదాకా అలాగే నిలబడ్డాం. ఎవరూ ఏమీ చెప్పలేదు.